సి సెక్షన్ తండ్రిని

ఘట్‌కేసర్ అవతల మా ఊరి బడికి స్థలమిచ్చింది మా తాత. ఆయన మనవణ్ణైన నేను నాచారంలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటూ, ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ గడప దాటలేదు.

నా కాలంలో ఐదేళ్లు నిండితే ఒకటో తరగతి. నాచారం ప్రైవేటు బడిలో మా అమ్మాయికి అంతకుముందే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. ఐదు దాకా పిల్లలంతా కలిసే కూర్చున్నారు. ఆరు నుంచి శనివారం పరీక్షలు మొదలయ్యాయి. ఆ మార్కులు చూసి ఎనిమిదిలో పిల్లల్ని ఏ, బి, సి అని మూడు సెక్షన్లుగా విడదీశారు. ఏ సెక్షన్‌కు ఐఐటీ ఫౌండేషన్, మంచి టీచర్లు, ఫ్యాన్లున్న గదులు. మా అమ్మాయిని సి సెక్షన్‌లో, రేకుల షెడ్డులో వేశారు.

బడి యజమానిని కరస్పాండెంట్ అనేవారు. అడగడానికి వెళితే నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"టైఫాయిడొచ్చి మా పాప పరీక్షలు రాయలే. మళ్లొకసారి పెట్టి చూడుండ్రి," అన్నాను.

"గిట్ల అందరికి మళ్ల పెడితే బడి నడిపినట్టే సార్. మీ పాప పాసైతే సాలదా? అందరు ఇంజనీర్లయితే స్టోర్స్ ఎవరు జూస్తరు?"

పక్కనున్న క్లర్కు నవ్వాడు. ఆ నవ్వును ఇంటికి తెచ్చుకున్నాను.

బడి మారుద్దామంది నా భార్య. ఓడిపోయి వెళ్లేది లేదన్నాను. రోజూ తెల్లవారకముందే అమ్మాయిని లేపి, ఎదురుగా కూర్చుని చదివించాను.

పదో తరగతిలో బడి మొత్తానికి ఎక్కువ మార్కులు తనవే. ఆ సాయంత్రమే కరస్పాండెంట్ మిఠాయి డబ్బాతో మా గుమ్మంలోకి వచ్చాడు.

"పాప ఫోటో గావాలె సార్. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తున్న."

"ఇస్త. పేరు కింద సి సెక్షన్ అని పెద్దగ రాయించుండ్రి."

"అయ్యో, గట్లెట్ల సార్? మరి ఏ సెక్షన్ల ఎవరు జేరుతరు?"

"అది మీ ఫికర్."

మిఠాయి డబ్బాతోనే వెనక్కి పంపాను. లోపలి నుంచి అమ్మాయి అంది: "ఫోటో ఇస్తె ఏమైతుండె నాన్నా! మా దోస్తులందరు సూస్తుండె."

ఫ్లెక్సీ మీదికి ఏ సెక్షన్ అబ్బాయి ఎక్కాడు, టాపర్ అని. అడ్మిషన్లు మొదలైన రోజు సెలవు పెట్టి బడి గేటు ముందు నిలబడ్డాను. వచ్చిన ప్రతి తండ్రినీ ఆపి, ఎక్కువ మార్కులు ఎవరివో, ఆ పిల్ల ఎక్కడ కూర్చుని చదివిందో చెప్పాను.

"మరి ఏ సెక్షన్ల ఏమున్నదన్నా?" అన్నాడొకాయన.

"ఫ్యాన్లున్నయి."

ఆయన నవ్వి, బండి వెనక్కి తిప్పాడు. లోపల కిటికీ దగ్గర కరస్పాండెంట్ నన్నే చూస్తున్నాడు. మూడేళ్లలో అంత హాయి నాకెప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోదాం నాన్నా. నాకు సిగ్గయితుంది."

"నువ్వు పో బిడ్డా."

తను వెనక్కి చూడకుండా సందు మలుపు తిరిగింది. అంతలో ఒక స్కూటర్ ఆగింది. నడిపే ఆయన ముందు ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది.

"పాప ఏ క్లాసు?" అన్నాను.

"ఇంక బడి మొహమే సూడలే అన్నా. నర్సరీల ఏద్దామని."

"జర ఆగుండ్రి," అన్నాను. "ఎనిమిదో తరగతి ముచ్చట చెప్త."