అతుకు మీది ఎర్రముద్ర

దోహాలోని ఒక ప్రైవేటు గ్రంథాలయంలో పాత కాగితాల మరమ్మతు నిపుణుడిగా చేరిన రెండో ఏడు, ఆగస్టులో, నాకు ఒక మంగోల్ లేఖను అప్పగించారు. ఇరాన్‌ను మంగోలులు ఏలిన కాలంనాటిది. భాష మంగోల్, లిపి ఉయ్‌ఘర్. వరుసలు పైనుంచి కిందికి దిగుతాయి. రెండు కాగితాలు అతికించి రాసిన లేఖ అది. మధ్యలో ఎవరూ మరో కాగితం దూర్చకుండా అతుకు మీద చదరపు ఎర్రముద్ర వేసేవారు. ఆ అతుకు ఎప్పుడో ఊడిపోయింది. పై సగం మా దగ్గర, కింది సగం ఊరి శివారు ముఐథర్‌లో ఒక సేకర్త ఇంట్లో ఉండేవి. రెండూ ఒకే లేఖ అవునో కాదో తేల్చడానికి ఓయున్ గారనే మంగోలియా పండితురాలు వచ్చారు.

కింది సగాన్ని వ్యానులో తెచ్చింది ఓబులేసు. రాయచోటి వైపు మనిషి, డ్రైవర్ల కంపెనీ తరఫున మా దగ్గర డ్యూటీ చేసేవాడు. దారిలో ఏసీ ఆగిపోయింది. బయటినుంచి వచ్చిన పెట్టెను ఒక రోజు మూసే ఉంచాలి, లోపలి కాగితం మా గది గాలికి అలవాటు పడాలి. మా పనిలో మొదటి పాఠమే అది. మా క్యూరేటర్ దొరవారికి అంత ఓపికెక్కడిది! నేను వెళ్లేసరికే పెట్టె తెరిచి, రెండు సగాలూ చేర్చి చూస్తున్నాడు. ముద్ర అంచులు కలవలేదు. బియ్యపు గింజ మందం తేడా. కింది కాగితం ఉబ్బి అలలు తేలింది.

వ్యానులో తడిసి పాడైందని రిపోర్టు రాసి సంతకం పెట్టమన్నాడు. నీటి మరక లేదు, ఎర్రసిరా పాకలేదు. ఆగస్టులో సముద్రం మీంచి వచ్చే చెమ్మ పీల్చి సాగిందని నా అనుమానం. ఆరితే మామూలుకు వస్తుందని మాత్రం గట్టిగా చెప్పలేను. మరునాడు మధ్యాహ్నం దాకా గడువు అడిగి, రెండు సగాలనూ అద్దుడు కాగితాల మధ్య తేలికపాటి బరువు కింద పెట్టాను.

మెట్ల దగ్గర ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"ఏసీ నిలిచిపోయింది నిజమే సార్. పెట్టె మాత్రం నేను ముట్టుకోలే. ఈ నెలే నా అకామా రెన్యువల్."

అకామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి. ఏమీ కాదులే అన్నాను గానీ నాకే నమ్మకం లేదు. కాగితం మరీ త్వరగా ఆరితే ముడుచుకుంటుంది, ఆరకపోతే ఇతని ఉద్యోగం పోతుంది.

మరునాడు బరువు తీశాను. సగాలు చేర్చాను. ముద్ర అంచులు సరిగ్గా కలిశాయి. పైనుంచి దిగిన అక్షరపు గీత తెగకుండా కింది కాగితంలోకి సాగింది. ఓయున్ గారు భూతద్దంతో చాలాసేపు చూసి, ఒకే లేఖ అన్నారు.

ఓబులేసుకు చెబుదామని గబగబా కిందికి దిగాను. వ్యానులో ఎవరో కొత్త డ్రైవర్. ముందురోజే క్యూరేటర్ కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడట. ఓబులేసును అప్పుడే, ఊరికి దూరంగా ఒంటెల పందేలు జరిగే షహానియాలో ఒంటెల మేత బండికి మార్చేశారు. అతని తప్పు లేదని నేను కంపెనీకి రెండుసార్లు రాసినా తిరిగి పంపలేదు. ఫోన్ చేస్తే, "పోనీలే సార్, అకామా ముద్ర అయితే కొట్టినారు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పెట్టె తెరిచేముందు ఆగాలని నాకు ముందే తెలుసు. మనిషి మీద ఫిర్యాదు చేసేముందు కూడా అంతే ఆగాలని ఆ రోజు తెలిసింది. రిటైరయ్యేదాకా నా దగ్గర పనిలో చేరిన ప్రతివారికీ ఈ రెండూ కలిపే నేర్పాను.