గొడుగు పెట్టెలో మా ఊరి అర్జీలు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రెండు మూడేళ్లలో మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు జనానికి ప్రభుత్వం ఉన్నట్టుండి దగ్గరి చుట్టమైపోయింది. అంతకుముందు సర్కారు మద్రాసులో ఉండేది. మద్రాసు చూసినవాళ్లు మా చుట్టుపక్కల పల్లెల్లో వెతికినా దొరికేవాళ్లు కాదు. కర్నూలు అలా కాదు. "పొద్దున సద్ది కట్టుకోని బస్సెక్కితే సర్కారును చూసుకోని మాపటికి ఇల్లు చేరొచ్చు" అనుకునేవాళ్లు. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. ఆదోనిలో దూది మిల్లు కూలీ కొడుకుని, ఎలాగో చదువుకుని, ఎమ్మిగనూరుకూ నందవరానికీ మధ్య ఒక పెద్ద ఊళ్లో బడి పంతులుగా కుదురుకున్నాను. ఉద్యోగం వచ్చాక నేను మొట్టమొదట కొన్న వస్తువు ఆకుపచ్చ సిరా బుడ్డి. పెద్ద పెద్ద ఆఫీసర్లు మాత్రమే ఆ రంగుతో సంతకం పెడతారని ఎవరో చెప్పారు. (పెద్ద ఆఫీసరు కావడానికి మిగతా అర్హతలు మెల్లగా సంపాదించుకోవచ్చు, ముందు సిరా ఉంటే మంచిదనుకున్నాను.)

అంతలో ఎన్నికలొచ్చాయి. పోటీలో ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకాయనది గొడుగు గుర్తు, ఇంకొకాయనది నిచ్చెన గుర్తు. మేము వాళ్లను గొడుగాయన, నిచ్చెనాయన అనే పిలుచుకునేవాళ్లం. చుట్టుపక్కల చిన్న ఊళ్లన్నీ ఎవరివైపో ముందే తేలిపోయాయి. ఇటు కొన్ని, అటు కొన్ని. మిగిలింది మా ఊరు. పెద్ద ఊరు, ఓట్లు ఎక్కువ, ఏనాడూ ఒక మాట మీద నిలబడింది లేదు. కిందటిసారి ఒకాయనకు మాటిచ్చి, పొద్దున్నే మనసు మార్చుకుని రెండో ఆయనను గెలిపించారట. అందుకని ఇద్దరూ వారానికొకసారి మా ఊరికి వచ్చేవారు. మా ఊరి పెద్ద మనుషులు ఇద్దరికీ ఒకే అరుగు మీద, ఒకే లోటాతో మజ్జిగ ఇచ్చి, ఇద్దరికీ ఒకే రకంగా తల ఊపి పంపేవాళ్లు. చివరికి ఎందుకో ఊరు గొడుగు వైపు మొగ్గింది. వాన చూసి మూడేళ్లయిన నేలకు గొడుగు ఎందుకని నేను నవ్వితే, ఒక ముసలాయన "గొడుగు ఉంటే ఆమీట వానే వస్తాదిలే అయ్యవారూ" అన్నాడు.

ఓటు ఎలా వేయాలో జనానికి నేర్పమని తాలూకా ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. అప్పట్లో ఇప్పటిలా ముద్రలూ మీటలూ లేవు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద ఆయన గుర్తు. తెర వెనక్కి పోయి, సర్కారు ముద్ర ఉన్న చీటీని నచ్చిన పెట్టెలో వేసి రావడమే. నేను బడి ముందు రెండు కిరసనాయిలు డబ్బాలు పెట్టి, ఒకదాని మీద గొడుగు, ఒకదాని మీద నిచ్చెన గీసి పాఠం చెప్పాను. "ఒక మనిషి ఒక్క కాగితమే వెయ్యాలి. రెండు వేస్తే చెల్లదు!" అని పదిసార్లు చెప్పించాను, ఎక్కం చెప్పించినట్టు. అప్పుడు ఆ గొడుగు ముసలాయనే లేచి, "ఈ పెట్టెలు యాడికి పోతాయప్పా?" అని అడిగాడు. ఆదోనికి పోతాయి, అక్కడి నుంచి లెక్క కర్నూలుకు పోతుంది అన్నాను. "అట్లయితే మా అర్జీ ఒకటి దాంట్లో వేస్తే?" అన్నాడు. అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ ఇరవై ఒక్కేళ్ల నోరు ఊరుకోదు కదా. "వెయ్యి తాతా, స్టాంపు కూడా అక్కర్లేదు, పోలీసు కాపలాతో పోతుంది" అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

మరునాటి నుంచి నా గుమ్మం ముందు జనం. బావి పూడిపోయిందని ఒకరు, పొరుగువాడు గట్టు జరుపుకున్నాడని ఒకరు, కోడలు మాట వినదని ఒకావిడ. (ఆ అర్జీ మాత్రం ముఖ్యమంత్రి వల్ల కూడా కాదని చెప్పాను. "అట్లనా? రాసి సూడప్పా, ఏమి పోతాది" అంది.) అదంతా పరిహాసమని చెప్పి పంపేయాల్సింది. చెప్పలేకపోయాను. జీవితంలో మొదటిసారి నా కోసం మనుషులు వరుసలో కూర్చున్నారు మరి. పైగా ఆకుపచ్చ సిరాకు ఇన్నాళ్లకు సరైన పని దొరికింది. గుండ్రటి అక్షరాలతో "మహారాజశ్రీ ప్రభుత్వం వారి సముఖమునకు" అని మొదలుపెట్టి, కింద ఒక వంకర గీత గీసి, ఊరంతటికీ రాసిచ్చాను.

అందరి కన్నా చివర వచ్చింది రొట్టెలక్క. బడి పక్కిల్లు ఆమెది. పెళ్లి కాని పంతులునని జాలిపడి రోజూ రెండు జొన్నరొట్టెలు, వేరుశనగ కారం పంపేది. ఆమె పిండి తట్టే చప్పుడుకే నాకు తెల్లవారేది. కూతురు నా దగ్గరే రెండో తరగతి. మొగుడు ఊళ్లో లేడని తెలుసు, ఎందుకు లేడో నేనెప్పుడూ అడగలేదు.

"నాకూ ఒకటి రాసియ్యప్పా" అంది, గడప అవతలే నిలబడి.

"ఏమని రాయాలక్కా?"

"మా ఇంటి మనిషి కరువొచ్చిన సాలున హోసపేట డ్యాము పనికి పోయినాడు. రెండు తూర్లు కబురు పంపినాడు. ఆమీట కబురే ల్యా. పోయింది సర్కారు పనికే గదా, యాడ ఉండాడో సర్కారుకు తెలీకుండా ఉంటాదా? పంపియ్యమని రాయి." కాసేపు ఆలోచించి, "ఉన్నపళంగా వద్దులే. పని ముగిసినాకనే పంపమను" అంది.

పేరేమిటని అడిగాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా వైపు పెళ్లాం మొగుడి పేరు చెప్పదు, చెప్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. "నేనెట్ల సెప్పేదప్పా? ఎడమ సెవి కొన తెగి ఉంటాది. రాయి కొడతా పాట పాడతాడు. ఆ గుర్తులు రాయి, సాల్దా?" అంది. పక్కింట్లో అడిగితే పేరు చెప్పేవాళ్లు. బయట ఆడుకుంటున్న కూతురిని పిలిచినా చెప్పేది. నేను అడగలేదు, పిలవలేదు. ఎక్కడికీ చేరని అర్జీకి పేరుతో ఏం పని అనుకున్నాను. "మా ఇంటి మనిషి" అనే రాసి, కింద అందరికీ గీసినట్టే వంకర గీత గీసి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది.

ఎన్నికల రోజు ఊరు ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. పూలు తెచ్చినవాళ్లున్నారు, పెట్టెకు కుంకుమ పెట్టబోయి పోలీసుతో తిట్లు తిన్నవాళ్లున్నారు. ఓట్లన్నీ పడ్డాయి, గొడుగుదే గెలుపు అని సాయంత్రం అరుగు మీద అందరూ సంబరంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఓట్లు లెక్కపెట్టడానికి నన్ను ఆదోనికి రమ్మన్నారు. తాలూకా అంతటి నుంచి పంతుళ్లు, గుమాస్తాలు వచ్చారు. పెద్ద హాలు, బల్లలు, కర్నూలు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు. నేను వేరే ఊరి పెట్టె దగ్గర కూర్చున్నాను. నాకు మూడు బల్లల అవతల మా ఊరి గొడుగు పెట్టె తెరిచారు.

తెరిచినవాడు ముందు కాగితం చూశాడు, తర్వాత సీలింగు చూశాడు, తర్వాత ఆఫీసరును పిలిచాడు. పెట్టెలో ఓటు చీటీలు అడుగున కొన్ని ఉన్నాయి. మిగతావన్నీ మడత పెట్టిన తెల్లకాగితాలు, విప్పితే ఆకుపచ్చ అక్షరాలు. అప్పుడర్థమైంది నాకు. ఒక్క కాగితమే వెయ్యాలని నేనే కదా పదిసార్లు చెప్పించింది! నా శిష్యులు తు.చ. తప్పకుండా పాటించారు. అర్జీ పెట్టెలో వేసి, సర్కారు ముద్ర ఉన్న చీటీని రసీదు అనుకుని భద్రంగా ఇంటికి తీసుకుపోయారు. పిల్లలు నేర్చుకోరని అప్పటిదాకా బాధపడేవాణ్ణి. పెద్దలు ఇంత బాగా నేర్చుకుంటారని ఊహించలేదు.

నా పక్కన కూర్చున్న గుమాస్తా, "ఇదెవడు రాసినాడో దొరికితే ఉద్యోగం ఊడినట్టే" అన్నాడు. నా చొక్కా జేబులో పెన్ను, జేబు అంచున ఆకుపచ్చ మరక. అరచేయి గుండె మీద పెట్టుకున్నాను. "ఏమప్పా, నొప్పా?" అన్నాడతను. అవునన్నాను. ఇంతలో అక్కడ ఒక్కొక్క అర్జీ పైకి చదువుతున్నారు. కోడలి అర్జీకి హాలంతా పగలబడి నవ్వింది. తర్వాత ఆఫీసరు ఇంకొకటి విప్పి, "ఎడమ చెవి కొన తెగి ఉండును, రాయి కొట్టుచు పాట పాడును... అమ్మా, పేరే లేని మొగుణ్ణి సర్కారు ఎక్కడని వెతుకుతుంది తల్లీ!" అన్నాడు. ఆ నవ్వులో నా నవ్వు కూడా ఉంది. భయానికి అందరికంటే గట్టిగానే నవ్వాను.

కానీ ఆఫీసరు నవ్వు అందరికంటే ముందే ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కాగితం మళ్లీ చదువుకున్నాడు. "ఊరి పేరు పెట్టె మీద ఉంది. మనిషి పేరొక్కటి ఉంటే హోసపేటకు ఒక కార్డు రాసేవాణ్ణి. కూలీల పట్టీలు చూసేది మా తోడల్లుడే. ఈ ఊరివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని హాలంతా కలియజూశాడు.

నేను లేవలేదు. నా చెయ్యి జేబు మీదే ఉంది. ఆయన రెండోసారి కూడా అడిగాడు. ఎవరూ పలక్కపోయేసరికి కాగితాన్ని మిగతా వాటితో కలిపి, చెత్తతో పాటు తగలబెట్టమని జవానుకు ఇచ్చాడు. నిబంధన అదేనట.

కొద్దిపాటి తేడాతో నిచ్చెనాయన గెలిచాడు. మా ఊరు గెలిపించాలనుకున్నవాణ్ణి మా ఊరే ఓడించింది. గొడుగాయన వచ్చి అరుగు మీద కూర్చుని, నేనేం తప్పు చేశానని ఏడ్చినంత పని చేశాడు. "నీ పెట్టెలోనే వేసినాము సామీ, బిడ్డల మీద ఒట్టు!" అని ఊరంతా ప్రమాణం చేసింది. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన మాత్రం చచ్చేదాకా మా ఊరిని నమ్మలేదు.

నేను తిరిగొచ్చిన రోజు రొట్టెలక్క గడప దగ్గరే ఎదురుపడి, "సేరిందాప్పా?" అంది. "చేరిందక్కా" అన్నాను. ఆమె లోపలికి పోయి, రొట్టెల పెనం మీది గూట్లోంచి ఓటు చీటీ తెచ్చి చూపించింది. పొగ తగలకుండా విస్తరాకులో చుట్టి దాచుకుంది. 

పెట్టెలకు కాపలాగా ఆదోనికి వచ్చిన మా ఊరి తలారి, హాలు బయట ఉండి జవాను నోట విన్న ఆ సంగతంతా రెండు వారాల తర్వాత అరుగు మీద కథగా చెప్పాడట, ఆఫీసరు అన్న మాటతో సహా. మరునాటి పొద్దున పిండి తట్టే చప్పుడు వినిపించలేదు. బడి తలుపు తీసేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది.

"నువ్వు ఆడనే ఉంటివంట గదప్పా."

నేను తల దించుకున్నాను. 

"నీది తప్పేముందిలే. ఉద్యోగస్తునివి. పేరు సెప్పనిది నేనే గదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. గోడవైపు తిరిగి కూర్చుంది. తర్వాత, నాతో కాదు, ఆ గోడతోనే, మొగుడి పేరు పలికింది. ఇంటిపేరుతో సహా, స్పష్టంగా, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు. పలికి, చెంపలు వేసుకుని, "ఇప్పుడు రాయి" అంది.

ఆకుపచ్చ సిరా బుడ్డి అప్పటికే పెరట్లో పారబోశాను. పెన్సిలుతో రాశాను. హోసపేట నుంచి నెల తర్వాత జవాబు వచ్చింది. డ్యాము పని అయిపోయి కూలీలు చెదిరిపోయారు, పట్టీలన్నీ ఈ మధ్యనే బళ్లారికి పంపేశాము, వాటిని చూసే ఉద్యోగికి బదిలీ అయింది అని. బళ్లారికి రాశాను. మళ్లీ రాశాను. జవాబు లేదు. నేను ఆ హాలులో లేచి నిలబడి ఉంటే అతను దొరికేవాడా అంటే చెప్పలేను. దొరికేవాడు కాదని కూడా చెప్పలేను. హోసపేట కార్డు చదివి వినిపిస్తే ఆమె, "పోనీలే అప్పా, పేరన్నా పోయింది గదా ఆడిదంకా" అంది. నాకు బదిలీ అయి ఆ ఊరు వదిలేదాకా రోజూ రెండు రొట్టెలు పంపుతూనే ఉంది. చీటీ ఆ గూట్లోనే ఉండేది.

ఇప్పుడు నేను ముసలివాణ్ణి. ఓటు వేసి వస్తూ వేలి మీది సిరా చూసుకుని, ఆ వంకర గీతల కుర్ర పంతులు గుర్తొచ్చి నవ్వుకుంటాను. దరఖాస్తు రాసిపెట్టమని ఎవరు వచ్చినా ముందు పేరు అడుగుతానని మా ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. ఇది చదివినవాళ్లు కూడా అడగవచ్చు, అంత చెప్పి ఆ మనిషి పేరు చెప్పలేదేమని. నాకు గుర్తుంది, ఇంటిపేరుతో సహా గుర్తుంది. ఆయనకు ఏమైనా అవుతుందేమోనని అన్నేళ్లు దాచుకున్న పేరు, ఆయన కోసమే ఆమె ఒక్కసారి పైకి అంది. దాన్ని ఇంకోసారి అనడానికి నాకు నోరు రాదు.