పప్పు ఉడికిన ఇల్లు

మా చిన్నతనంల ఇల్లు చూడపోవుడంటే... సంచిల ఖాళీ సీసాలు ఏసుకొని పోవుడే.

నాగిరెడ్డిపేట దిక్కు మా ఊరు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తం. తెలంగాణ ఇంకా రాలేదప్పుడు. నేను ఆరో తరగతికి పోవాల్సిన ఎండాకాలం, అవ్వకు కామారెడ్డిల ఒక హాస్టల్ల వంట పని దొరికింది. బడులు తెరిచేలోపు అక్కడ కిరాయికి ఇల్లు దొరకాలె. దొరకకపోతే ఆ పని ఇంకొకరికి పోతది. గంతే.

బంద్ లేని రోజు చూసుకొని బయలుదేరేటోళ్లం. ఎల్లారెడ్డి దాకా ఒక బస్సు, ఆడికెళ్లి కామారెడ్డికి ఇంకోటి...

మస్కట్‌కు పనికి పోయిన మా నాయిన, మా బాపు, అంతకు ముందు చలికాలమే శవమై పెట్టెల వచ్చిండు. ఏడ్చేటోళ్లు ఏడ్చిండ్రు. అవ్వ, నేను మాత్రం... ఏమో, నిద్రల నడిచినట్టు నడుస్తుంటిమి.

కామారెడ్డి బస్టాండ్ కాడ చాయ్ హోటల్ల నర్సింలన్న అని ఒక బ్రోకర్ కూసుండేటోడు. మొదటి రోజే అవ్వకు గట్టిగ చెప్పిండు.

"అక్కా, ఎంతమంది ఉంటరు, ఏం పని చేస్తరు, ఇంటాయన ఏడుంటడు... అన్నీ నాకు ఇప్పుడే చెప్పు. ఓనర్ దర్వాజ కాడికి పోయినంక కొత్త ముచ్చట తియ్యకు."

"మా ఇంటాయన మస్కట్ల ఉంటడు అన్నా" అన్నది అవ్వ.

'ఉంటడు' అన్నది. నేను పక్కనే ఉన్న. నాకేం అనిపియ్యలే. చాయ్‌ల బిస్కట్ ముంచుకొని తిన్న.

నర్సింలన్న మూడు ఇండ్లు చూపెట్టిండు. అవ్వ గోడలు చూడలే, మూలలు చూడలే. ఇంటింటికి బోరు నీళ్లు ఒక సీసాల పట్టుకునుడు, సీసా మెడకు దారం కట్టుడు. పచ్చ తలుపులింటికి పచ్చ దారం. మామిడి చెట్టింటికి ఎర్రది. మూల మీది ఇంటికి తెల్లది. ఇండ్లు ఎన్ని చూసినా కలగలిసిపోకుండ అదే అవ్వ లెక్క.

"ఏందక్కా గిది? అందరు వాస్తు చూస్తరు, నువ్వు నీళ్లు మోస్తున్నవ్."

"ఇంటికి తీస్కపోయి కందిపప్పు ఏసి చూస్తనే. ఉప్పు నీళ్లయితే పప్పు ఉడకది. వాస్తు తింటమా అన్నా?"

"నీకు ఇల్లు చూపెట్టుడు కాదు, కుక్కర్ చూపెట్టాలె" అని నవ్విండు నర్సింలన్న. అవ్వ కూడా నవ్వింది. బాపు పోయినంక అదే మొదటిసారి అనుకుంట... అయినా ఆ నవ్వు మొఖం మీదికి పూర్తిగ రాలే.

ఊరికి వచ్చి మూడు గిన్నెలల్ల పప్పేసింది. ఎర్ర దారం నీళ్లల్ల పప్పు వెన్న తీర్గ ఉడికింది. మిగిలిన రెండిట్ల పలుకు పలుకే. నర్సింలన్నకు ఫోన్ చేసి, "మామిడి చెట్టిల్లు ఖాయం చెయ్యన్నా" అన్నది.

మళ్ల పోయినం. ఓనర్ ఒప్పుకున్నడు, తాళంచెవి అవ్వ చేతిల పెట్టిండు. అప్పుడు ఓనర్ భార్య లోపలికెళ్లి కుంకుమ బరిణె పట్టుకొని వచ్చింది. అవ్వ బొట్టు ఎండకు చెరిగిందనుకున్నదేమో, ఇంటికొచ్చిన ముత్తైదువను ఉత్తగ పంపద్దు కద... "బొట్టు పెట్టుకపో చెల్లె, ఇంటాయన సల్లగుండాలె" అన్నది.

అవ్వ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

"వద్దక్కా... ఆయన లేడు."

నోటితోని చెప్పిన అబద్ధాన్ని అవ్వ నొసటి మీద పెట్టించుకోలేకపోయింది.

ఓనర్ భార్య కోపానికి రాలే. వేలికంటిన కుంకుమను కొంగుకు తుడుచుకుంది. "మా బిడ్డ పెండ్లి ఉంది చెల్లె... ఏమనుకోకు" అన్నది. అవ్వ తాళంచెవి అరుగు మీద పెట్టింది. చప్పుడు కూడా రాకుండ పెట్టింది.

బయటికొచ్చినంక నర్సింలన్న బండి పక్కన నిలబడి, "నాతోని దాస్తే ఎట్లక్కా? ఎవ్వల ఇల్లు ఎట్లాంటిదో నాకు తెల్వదా? ముందే చెప్తే నిన్ను ఈ దర్వాజ తొక్కనియ్యకపోదును" అన్నడు.

"చెప్తే నువ్వు బండి తీస్తవో తియ్యవో అని భయమైందన్నా."

ఆయన బండి స్టార్ట్ చేసి, "నడువుండ్రి, ఇంకొకటుంది" అన్నడు. ఆయన బండి మీద మెల్లగ ముందట, మేం ఎనుక నడుసుకుంట... రైలు పట్టాల అవతలికి పోయినం. ఆడ ఒక ముసలామె ఒక్కతే ఉంటది. ఈసారి నర్సింలన్న గేటు కాడనే ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పిండు.

ఆమె అడిగింది ఒక్కటే. "పిల్లగాడు గేటుకు ఊగుతడా?"

"ఊగడు" అన్నది అవ్వ.

సంచిల ఖాళీ సీసా ఉండె. అవ్వ తియ్యలే. నీళ్లెట్లుంటయని అడగలే. సరే అన్నది.

ఆ ఇంట్ల పప్పు ఏనాడూ మంచిగ ఉడకలే. అవ్వ వంటసోడా ఏసి ఉడికిచ్చి నన్ను బతికిచ్చింది.

ఇప్పుడు నేను ఊరూర భజనల కాడ పురాణ గ్రంథం పట్టుకొని చెప్తుంట. నాకెవ్వలు నేర్పలే... అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్న. మైకు లేకున్నా నా గొంతు వాడ దాటుతదంటరు. మొగడు పోయిన ఆడబిడ్డ అశుభమని రాసిన పుట ఉంటే తెచ్చి నా ముందట పెట్టుండ్రని అడుగుతుంట. కాని అవ్వ ముచ్చట కాడికొస్తే మాత్రం గ్రంథం మూసేస్త... కుంకుమ తుడుచుకున్న ఆ కొంగే కనవడతది.

ఇప్పుడు ఇండ్లన్నీ ఫోన్లనే చూస్తున్నరు. ఫొటోల గోడలు తళతళ మెరుస్తయి... అండ్ల నీళ్ల రుచి కనవడది, "ఇంటాయన ఏం చేస్తడు" అనే ప్రశ్న మాత్రం ఇంకా పోలే. మీ ఇంట్ల అప్పట్ల కిరాయి ఇల్లు ఏం చూసి పట్టిండ్రు, ఏం అడిగితే తల వంచిండ్రు... యాదికుంటే రాయుండ్రి.

నేనైతే ఇప్పటికీ ఎవ్వలింటికి పోయినా ముందు గ్లాసెడు నీళ్లు అడుగుత... ఆ రోజు అవ్వ అడగని నీళ్లు.