మూత తీయని గిన్నె

మొన్న ఆదివారం పొద్దున భూపాలపల్లి నుంచి మా పెద్దబిడ్డ ఫోన్ చేసింది. దాని కొడుకుకు పది నెలలు. ఇక మెల్లగా చేప కూడా అలవాటు చేయమని డాక్టరమ్మ చెప్పిందట. "బాపూ, ఏ చేప తేవాలె? ఎట్ల పెట్టాలె? అత్తమ్మ ఒకటి చెప్తది, ఫోన్ల ఇంకోటి చెప్తున్నరు" అని అడిగింది. జనగామలో మా ఇంటి వరండాలో కూర్చుని నేను తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాను. కొర్రమట్ట, అదే కొర్రమీను, తేవాలి, అదీ నీళ్ల తొట్టిలో ప్రాణంతో కదులుతున్నది. మూరెడు దాటింది వద్దు. అది దొరక్క వేరే చేప కొంటే మొప్పలు ఎత్తి చూడాలి, ఎర్రగా ఉండాలి, కన్ను తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. తోక దిక్కు ముక్క కాదు, నడుము ముక్క. ఉప్పు, కారం, పులుపు ఏవీ వద్దు, చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడికించాలి. చల్లారాక మూడు వేళ్ల మధ్య మూడుసార్లు నలిపి చూడాలి. ముల్లు కంటికి కనబడదు, వేలికి దొరుకుతుంది. మొదటి రోజు గోరంత పెట్టి ఆగాలి, ఒంటి మీద దద్దుర్లు లేస్తే దవాఖానకు పోవాలి, లేకుంటే రెండు మూడు రోజులకు మళ్లీ పెట్టాలి.

నా బిడ్డ అంతా విని, "నీకెట్ల ఎరుక బాపూ గివన్ని?" అంది. "మా అవ్వ చెప్పింది" అన్నాను. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, బతికినన్నాళ్లు చేప ముట్టలేదు. చేపల కూర వండిన రోజు పక్కింటివాళ్ల గోడ దిక్కు కూడా చూసేది కాదు. ఆమె మీద ఇంత పెద్ద అపవాదు వేసి ఫోన్ పెట్టేశాను. అబద్ధం ఆడకూడదని చిన్నపిల్లలకు ముప్పై ఏండ్లు బల్ల గుద్ది చెప్పిన మనిషిని నేను.

ఆ మాటలన్నీ చేపలవ్వవి. నెల్లికుదురు దగ్గర పల్లెలో నేను పంతులుగా ఉన్నప్పుడు మా అద్దె ఇంటికి రెండు వాడల అవతల ఉండేది. పొద్దున్నే తల మీద గంప, చేతిలో నీళ్ల బిందె. బిందెలో కొర్రమట్టలు టపటపా కొట్టుకునేవి. మా గడప ముందు కత్తిపీట వేసుకుని, బూడిద పట్టించి, రాయి మీద రుద్ది, చేపను అద్దంలా తేల్చేది. బేరం ఆడితే ఊరుకునేది గానీ చేప గురించి ఎదురు చెబితే ఊరుకునేది కాదు. ఒకసారి నేను రవ్వ చేప పెద్దది ఉంది కదా, పాపకు కూడా అదే వండుతామంటే, "సారూ, నువ్వు బడిల పాఠం చెప్పు, చేప సంగతి నాకిడ్సిపెట్టు" అంది. ఆ పల్లెలో ఒక రివాజు ఉండేది. పసిపిల్లలకు మొదటి చేప బువ్వ చేపలవ్వే కలిపి, తన వేళ్లతో నలిపి, తల్లి ఒళ్లో ఉన్న పిల్ల నోట్లో పెట్టాలి. దానికి ఆమె ఏమీ తీసుకునేది కాదు. "ఈ ఊర్ల పిల్లగాండ్లందరి నోట్లె ముందుగాల పడ్డది నా చెయ్యే" అని చెప్పుకునేటప్పుడు మాత్రం ఆమె మెడ కొంచెం నిటారుగా లేచేది. మా చిన్నబిడ్డకు కూడా ఆమే పెట్టింది.

ఆ తర్వాత కొన్ని నెలలకే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. నేను రోజంతా రోడ్డు మీది టెంటులోనే ఉండేవాణ్ని. మైకు దొరికితే వదిలేవాణ్ని కాను. ఇంట్లో సరుకులు ఉన్నాయో లేదో తెలియదు గానీ, నీళ్లలో మా వాటా ఎంతో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఒకరోజు రోడ్డు మీద వంటా వార్పు పెట్టాం. ఊరంతా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినడం అన్నమాట. చెరువు నుంచి బొచ్చె చేపలు తెచ్చారు. పెద్ద గంజులో చింతపండు పులుసు కుతకుతా ఉడుకుతుంటే ఆ వాసనకు నినాదాలు కూడా కాస్త పలచబడ్డాయి. చేపలవ్వ వేరే చిన్న పొయ్యి మీద కొర్రమట్ట ఉడకబెట్టి, సిల్వర్ గిన్నెలో వేసి, మూత పెట్టి, పక్కన ఉంచింది. "పసిపోరగాండ్లకు గిది. గంజుల దాన్ల వెంట్రుకలసొంటి ముండ్లుంటయి, జర ఆగుండ్రి, సల్లారినంక నేనే పెడత" అని అందరికీ చెప్పింది. నాకైతే రెండుసార్లు చెప్పింది.

అంతలో పేపరు వాళ్ల ఫోటోగ్రాఫర్ వచ్చాడు. నా భుజం మీద ఏడాదిన్నర పాప, తలకు గులాబీ రిబ్బను. "సార్, పాపకు తినిపియ్యుండ్రి, మంచిగొస్తది" అన్నాడు. అవ్వ గిన్నెలోది తెల్లగా, చప్పగా ఉంది, ఫోటోలో ఏం కనబడుతుంది? నా చేతిలో ఉన్న విస్తరిలో ఎర్రటి పులుసు ముక్క ఉంది. దాన్ని కొంచెం కడిగి, పైపైన చిదిమి, నవ్వుతూ పాప నోట్లో పెట్టాను. ఫోటో తీసేలోపే పాప మొహం మారిపోయింది. నోరు మూయదు, మింగదు, చొంగ కారుతోంది, గొంతులోంచి ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు. పొయ్యిల దగ్గరున్న మా ఆవిడను పిలుచుకుని ఎవరిదో జీపు ఎక్కాం. మానుకోట దవాఖాన దాకా ఊరూరా మావాళ్లే బండ్లు అడ్డం పెట్టి ఉన్నారు. ప్రతిచోటా ఆపడం, పాపను చూడడం, దారి ఇవ్వడం. నిన్నటిదాకా ఆ బండ్లు నేనే పెట్టించాను. డాక్టరు చిమటాతో ముల్లు తీసి నా అరచేతిలో వేశాడు. వెంట్రుకంత ఉంది. పాప నా చొక్కా పట్టుకుని వెక్కుతోంది. "ఎవరయ్యా పెట్టింది?" అన్నాడు డాక్టరు. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. "చేపలవ్వ ఉడకబెట్టింది పెట్టిన" అన్నాను.

ఆ మాట నోరు జారి వచ్చింది కాదు. ఆలోచించే అన్నాను. ఊరు ముందర తప్పు నాది కాకుండా పోతే చాలనుకున్నాను. తిరిగి వచ్చేసరికి మా ఆవిడ కోపం ఆగలేదు. టెంటు దగ్గరే, అందరి ముందర, చేపలవ్వను నిలబెట్టి కడిగేసింది. అవ్వ పక్కన ఆ సిల్వర్ గిన్నె ఉంది. మూత తీయనే లేదు, పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్కరు మూత ఎత్తి చూస్తే చాలు. ఎవరూ చూడలేదు. అవ్వ నా దిక్కు చూసింది. నేను నా చెప్పుల దిక్కు చూశాను. "సారే చెప్పిండంటే ఇగ నేనేమంట" అని, గిన్నె ఎత్తుకుని వెళ్లిపోయింది. మరునాడు మైకులో న్యాయం గురించి మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు.

తర్వాత పిల్లల తల్లులు ఆమెను పిలవడం మానేశారు. పిల్లలున్న ఇండ్లు ఆమె దగ్గర చేపలు కొనడమే మానేశాయి. కొన్నాళ్లకు గంప వీధిలో కనబడలేదు. నాకు బదిలీ అయింది. అంతకు ముందు, నిజం చెప్పేద్దామని బయల్దేరి, ఆ వాడ మలుపు దాకా పోయి తిరిగి వచ్చిన రోజులు రెండున్నాయి.

రాష్ట్రం వచ్చిన తర్వాత ఒకసారి మానుకోట బస్టాండులో కనబడింది. ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతోంది. నేను తప్పించుకునేలోపే గుర్తుపట్టింది. "సారూ, చిన్నబిడ్డ మంచిగున్నదా?" అంది. మంచిగుందన్నాను. "చేప తింటదా?" తింటుందన్నాను. పొట్లం కట్టి నా చేతిలో పెడుతూ, "ముండ్లు తీసే పెడుతున్నరు గద?" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాణ్ని. నిజంగానే పాప కోసం అడిగింది. నేను తల ఊపి, నాది కాని బస్సు ఎక్కేశాను.

ఇవాళ భూపాలపల్లిలో నా మనవడి నోట్లోకి పోయే మొదటి చేప బువ్వ ఆ అవ్వ చెప్పిన తీరులోనే నలుగుతుంది. పేరు మాత్రం మా అవ్వకు పోయింది. రాష్ట్రం కావాలని ఊరంతా కలిసి గొంతెత్తి అడిగాం, అది వచ్చి కూడా ఏండ్లు గడిచాయి. చేపలవ్వ గిన్నెలో ముల్లు లేదన్న ఒక్క మాట చెప్పడానికి నాకు మాత్రం ఇన్నేండ్ల కాలం చాలలేదు.