వెనక డోరు లాకు

రొయ్యలు తూచి తూచి కాయలు కాచిన చేయి నాది. చేతిలోకి తీసుకుంటే బరువు చెప్పేయగలను. కానీ పదకొండేళ్లుగా నేను మోస్తున్నది ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోని వస్తువు. అది ఒక తుపాకి. నాది కాదు. నేను దొంగిలించలేదు కూడా. అయినా దాని బరువు నా మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. రొయ్యల గుంటలో విసురువల వేసి, పడినవాటిని తూచి, కిలోకి ఎన్ని తూగుతాయో చూస్తాను. దాన్ని మేము కౌంట్ అంటాము. ఆ గుప్పెడు రొయ్యలను బట్టి గుంటలో మొత్తం ఎన్ని టన్నులున్నాయో చెప్తాను. కాగితం అక్కర్లేదు. నడుస్తూ లెక్క కడతాను. కూర్చుంటే నాకు లెక్క రాదు. "వాడి మాట తప్పితే తప్పుతుంది గాని లెక్క తప్పదు" అని మా వైపు నన్ను ఎగతాళి చేసేవాళ్లు. నాకు ఆ ఎగతాళి చాలా ఇష్టంగా ఉండేది.

మా గుంటల యజమానిని పెద్దాయన అనేవాళ్లం. ఆయనకు లైసెన్సు ఉన్న రివాల్వర్ ఒకటి ఉండేది. గుంటల మీద దొంగలు పడుతున్న రోజుల్లో తీసుకున్నాడు. ఎప్పుడూ పేల్చింది లేదు. ఆయుధపూజ నాడు బయటికి తీసి, బొట్టు పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టేవాడు. ఎన్నికలు వస్తే మాత్రం దాన్ని తీసుకెళ్లి పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. ఆ సంవత్సరం ఎన్నికలు వచ్చాయి.

ఆ రోజు కారు నడిపింది పెంచలయ్య. నాకంటే పదేళ్లు పెద్ద. పెంచలన్నా అని పిలిచేవాణ్ణి. బోగోలు వైపు సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. వలలు వదిలేసి స్టీరింగు పట్టుకున్న మనిషి. కొత్తగా పనిలో చేరినప్పుడు నాకు ఎవరూ తెలియదు. తన క్యారియర్‌లో అన్నం సగం చేసి నాకు పెట్టేవాడు. చేపల పులుసులో ముక్క ఎప్పుడూ నా వైపే పడేది. అది పొరపాటున పడేది కాదని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

పొద్దున గుంటల దగ్గరికి వెళ్లాం. నేను వల వేసి, కౌంట్ చూసి, కొన్ని రొయ్యలు ఐసులో వేసి సంచిలో కట్టాను. నెల్లూరులో రొయ్యలు కొనే బేరగాడికి చూపించాలి. అక్కడి నుంచి స్టేషన్‌కు. దారిలో మనుబోలు దగ్గర పెద్దాయన బంధువుల పెళ్లి. అక్షింతలు వేసి వచ్చేస్తానన్నాడు. పెళ్లిలోకి తుపాకి ఎందుకని, దాన్ని తోలు సంచితో సహా డాష్‌బోర్డు అరలో పెట్టి, "పెంచలయ్యా, బండి వదిలి పోబాకు" అని లోపలికి వెళ్లాడు.

పెంచలన్నకు షుగరు. మాత్ర వేసుకున్నాక వేళకు తినకపోతే చేతులు వణికేవి. నేనే చెప్పాను, వెళ్లి తినిరా అన్నా, నేను కూర్చుంటానులే అని. తాళం నా చేతికిచ్చి వెళ్లాడు. ఇంతవరకు నేను చేసింది మంచి పనే అని ఇప్పటికీ అనుకుంటాను. అనుకోవచ్చా?

ఎండకు ఐసు కరిగింది. రొయ్యల సంచి కారింది. రొయ్యల వాళ్ల ముక్కుకు రొయ్యల వాసన తెలియదు. కానీ అది ఇంటి బండి. పెద్దాయన భార్య ఎక్కితే పెంచలన్నను తిడుతుంది. అందుకని నాలుగు అద్దాలూ కిందికి దించాను, గాలి ఆడనీ అని. అప్పుడే బేరగాడి ఫోను వచ్చింది. కౌంట్ ఎంత, మొత్తం ఎంత తేలుతుంది అని. నేను దిగాను. నడవడం మొదలుపెట్టాను. మండపం వెనక తుమ్మచెట్ల దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఎంతసేపో తెలియదు. అన్నిటినీ లెక్కపెట్టే నేను అదొక్కటీ లెక్కపెట్టలేదు. ఆ రోజు నేను చెప్పిన అంకె, తర్వాత గుంటలో రొయ్యలు పట్టినప్పుడు సరిగ్గా వచ్చింది. అది కూడా మీకు చెప్పాలి.

పెంచలన్న మండపం మెట్లు దిగుతుండటం చూసి, పరుగున వెళ్లి అద్దాలు ఎత్తేశాను. పేపరు ముక్కలో రెండు బూరెలు చుట్టి తెచ్చాడు. "నువ్వు తిన్లేదు గదరా" అన్నాడు. తిన్నాను.

స్టేషన్ ముందు పెద్దాయన అర తెరిచాడు. తుపాకి లేదు, తోలు సంచీ లేదు. ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్లాడు. పెంచలన్న నన్ను గోడ పక్కకు తీసుకెళ్లాడు. ఆ మాటలు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా చెప్పగలను.

"అబ్బయ్యా, అద్దాలు ఎత్తే ఉన్న్యాయి గదా?"

"ఎత్తే ఉన్న్యాయన్నా."

"నువ్వు బండి కాడే ఉన్నావా?"

"ఆడే ఉన్నానన్నా. చెట్టు కింద."

"అయితే వెనక డోరే. ఆ లాకు ఒక్కో తూరి పడదు. చేయిస్తాం చేయిస్తామని నేనే వాయిదా వేసినా." తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పేరు రానీబాకు. ఇద్దురం పోయేదేంటికి? ఎవురన్నా అడిగితే నువ్వూ లోపల తింటా ఉన్నావు. అంతే."

అంతే. అతను తప్పు తనదనుకుని నన్ను కాపాడాడు. నేను తప్పు నాదని తెలిసి అతని చేత కాపాడించుకున్నాను. పోలీసులంటే భయపడ్డానా? కొంచెం. పని పోతుందనా? వేరే గుంటలున్నాయి. చాలా ఏళ్లు వెనక్కి వెళ్లి చూసుకుంటే కనిపించేది ఇంకొకటి. "వాడి లెక్క తప్పదు" అనే ఆ ఒక్క మాట పోగొట్టుకోలేకపోయాను. ఇంత చిన్నదానికా అంటారేమో. ఇంత చిన్నదానికే.

పెంచలన్నను చాలా రోజులు స్టేషన్‌కు పిలిచి కూర్చోబెట్టారు. తుపాకి దొరకలేదు. పెద్దాయన తిట్టలేదు, తాళాలు మాత్రం తీసుకున్నాడు. తుపాకి పోగొట్టిన డ్రైవరును ఇంకెవరూ పెట్టుకోలేదు. మళ్లీ ఊరికి వెళ్లి వలలు అల్లడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఒకరోజు పెద్దాయన షెడ్డులో కారు దగ్గర ఎవరూ లేరు. వెనక డోరు వేసి లాకు చేశాను. తీశాను. మళ్లీ వేశాను. లెక్క మరిచిపోయేదాకా చేశాను. ప్రతిసారీ పడింది.

షుగరుతో పెంచలన్న చూపు పోయింది. ఇప్పుడు వల వేళ్లతోనే అల్లుతాడు. నేను ఆదివారాలు బస్సెక్కి వెళ్లి పేపరు చదివి వినిపిస్తాను. మొదట వాన సంగతి అడుగుతాడు, తర్వాత చేపల ధర, చివరికి గొంతు తగ్గించి, "యాడన్నా తుపాకి పేలిందారా?" అని. ఒకసారి ఎక్కడో దూరాన కాల్పుల్లో ఒక పిల్లవాడు చనిపోయిన వార్త చదివాను. ఏ రకం తుపాకి అని మూడుసార్లు అడిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. "మనదే అయితే?" అన్నాడు. మనది అన్నాడు. అప్పటి నుంచి అలాంటి వార్తలు దాటేసి చదువుతున్నాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి వారం వారం ఇంకొకటి.

పోయిన ఆదివారం వెళ్లేసరికి వాళ్ల అల్లుడు పాత కారు ఒకటి కొని ఇంటి ముందు పెట్టాడు. కృష్ణపట్నం పోర్టు ఉద్యోగులకు బాడుగకు తిప్పుతాడట. పెంచలన్న బండి చుట్టూ తడుముకుంటూ తిరుగుతున్నాడు. ఒక్కో డోరు పిడి పట్టి లాగుతున్నాడు. వెనక డోరు దగ్గర ఆగాడు. "ఇది మళ్లా వెయ్యి అబ్బయ్యా. ఇంకో తూరి వెయ్యి. పడిందా?" వేశాను. పడిందన్నాను. నమ్మలేదు. మళ్లీ లాగి చూశాడు. ఆ వేళ్లను చూస్తూ నిలబడలేకపోయాను.

చెప్పేశాను. అద్దాలు, రొయ్యల సంచి, ఫోను, తుమ్మచెట్లు. షెడ్డులో లాకు సంగతి కూడా. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఎదురుగా ముఖం ఉంది, చూపు లేదు. అందువల్ల చెప్పగలిగానేమో. అది కూడా పిరికితనమేనా?

అంతా విని అడిగాడు.

"అయితే ఆ లాకు బాగానే ఉండిందా?"

"బాగానే ఉండిందన్నా."

డోరు పిడి మీద నుంచి చెయ్యి తీశాడు. లుంగీకి తుడుచుకున్నాడు. నన్ను తిట్టలేదు. ఏడవలేదు. పోనీలే అని కూడా అనలేదు. ఆ మాట కోసమే నిలబడ్డానని నాకు అప్పుడు తెలిసింది. అందుకు సిగ్గుపడ్డాను.

"పేపరు ఆడ పెట్టి పో" అన్నాడు.

అరుగు మీద పెట్టి వచ్చాను. గాలికి ఎగరకుండా దాని మీద రాయి పెట్టాను. ఆ తుపాకి ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు. దాని బరువు అలాగే ఉంది. కానీ పదకొండేళ్లు అతను మోసిన వాటా కూడా నా వైపుకు వచ్చేసింది. ఎవరిది వాళ్ల దగ్గర ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊపిరి పీల్చుకుంటే లోపలి దాకా వెళ్లింది.

ఆదివారం మళ్లీ పేపరు కొనుక్కుని వెళ్తాను. చదవమంటే ఏ వార్తా దాటకుండా చదువుతాను. చదవమనకపోతే అరుగు మీద పెట్టి, రాయి పెట్టి వస్తాను.