ఇద్దరి ముందు కొట్టాల్సిన మేకు

ఉస్తాద్ పోయాడు. సౌదీలో, తాయిఫ్‌లో మాతో పనిచేసిన పెషావర్ డ్రైవరు ఉర్దూలో వాయిస్ మెసేజ్ పెడితే తెలిసింది. గుండెపోటట. పోయిన మూడు రోజులకు గానీ మట్టి చేయలేకపోయారట. మార్చురీ నుంచి ఇవ్వాలంటే సొంత దేశపు ఎంబసీ కాగితం తెమ్మన్నారు. ఆయనది ఏ దేశమని ఎవరిని పోయి అడగాలి? చివరికి ఊళ్ళో ఒక పెద్దమనిషి పూచీ పడితే ఇచ్చారట.

మెసేజ్ రెండుసార్లు విని ఫోన్ పక్కన పడేశాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి బోలెడుంది, రాస్తాను. కానీ ఆయన నాకు చేసిన ద్రోహం దాచిపెట్టి ఈ నాలుగు ముక్కలూ రాయడం నా వల్ల కాదు.

తాయిఫ్‌లో ఒక సర్వే కంపెనీలో ఆయన సర్వేయరు, నేను ఆయన చేతికింద మనిషిని. మాది జగిత్యాల పక్క. ఆయనది పాలస్తీనా. ఆయన మూడుకాళ్ళ స్టాండు మీది మిషన్‌లోంచి చూస్తుంటే, దూరంగా దానిమ్మ తోటల్లో నేను అద్దం బిగించిన కర్ర పట్టుకుని నిలబడాలి. ఆయన చెయ్యి ఊపిన వైపు జరగాలి. ఎనిమిదేళ్ళు అట్లా జరిగాను. ఆయన అరబ్బీ, నా ఉర్దూ కలిసి మాకొక భాష తయారైంది. అందులో ఆయన ఏమన్నా నా చెవికి మా ఊరి మాటలాగే వినబడేది. అట్లాగే రాస్తున్నాను.

ఆయనదొక మొండిపట్టు. తోటకైనా, ఇంటి జాగాకైనా, హద్దుకు రెండు పక్కలవాళ్ళూ వచ్చి నిలబడితే తప్ప మేకు కొట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి పక్క తోట యజమాని జిద్దా పోయి రాలేదని ఉస్తాద్ నన్ను మూడుసార్లు కొండెక్కించాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"కాగితం మీద గీత ఉండనే ఉండె గద ఉస్తాద్. ఆయన వస్తే ఏంది, రాకుంటే ఏంది?"

"కాగితం మీద గీసుడు అల్కగనే ఉంటది," అన్నాడు. "ఆ గీత మీద ఎవడు పండుకున్నడో కాగితానికి తెల్వది."

ఆయన తండ్రికి యాఫా దగ్గర నారింజ తోట ఉండేదట. దేశాలన్నీ సభలో కూర్చుని పాలస్తీనాను రెండు చేయాలని ఓట్లు వేశాయి. "యూదులు సరేనన్నరు, మా పెద్దలు వద్దన్నరు. లడాయి అయింది. మా నాయిన సరేనంటడా, వద్దంటడా అని ఎవ్వడూ అడగలె," అనేవాడు. తోట పోయింది. ఆయన గాజాలో ఒక క్యాంపులో పుట్టాడు. ఇరవై ఏళ్ళకు సౌదీ వచ్చాడు. చేతిలో, ఒకప్పుడు గాజాను ఏలిన ఈజిప్టు ఇచ్చిన ప్రయాణపు కాగితం ఒకటి ఉండేది. దాంతో ఈజిప్టులో అడుగు పెట్టాలన్నా వీసా అడిగేవాళ్ళు!

మధ్యాహ్నం కారు నీడలో ఖుబూజ్ రొట్టె తింటూ కోర్టు పెట్టేవాడు. రెండు పక్కల వకీళ్ళూ ఆయనే, జడ్జీని నేను. "ఆ తీర్మానాన్నే సూపెట్టి యూదులు దేశం ప్రకటించుకున్నరు. దాంట్ల ఉన్న గీత మాత్రం పాతదైపోయిందంటరు. మావోళ్ళు తక్కువనా? అప్పుడు కాదన్న ఆ తీర్మానాన్నే నలభై ఏండ్లకు పట్టుకొచ్చి మాకూ దేశమున్నదన్నరు. చెప్పు జడ్జి సాబ్, ఎవరిది న్యాయం?" నేను ఇంకో రొట్టె ముక్క తుంపి ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. యూదుల దేశం పాలస్తీనా నేల మీద కట్టిన గోడ సంగతి వస్తే నవ్వేవాడు. "ప్రపంచ కోర్టు గోడ తప్పన్నది. కోర్టు చెప్పింది సలహా. గోడ సలహా కాదు గద, కాంక్రీటు."

మాకు తెలంగాణ వచ్చిన రోజు నేను సైటుకు లడ్డూల డబ్బా తీసుకుపోయాను. ఆయన తినకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు. అవతలివాళ్ళు ఒప్పుకున్నారా? ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టులో కేసులు వేశారన్నాను. రాజధాని ఎవరికి?

"హైదరాబాద్ మాదే ఉస్తాద్. పదేండ్లు మాత్రం ఇద్దరికీ."

"ఆ తీర్మానంల యెరూషలేం గూడ గట్లనే రాసిండ్రు. ఏ ఒక్కరి చేతుల పెట్టొద్దని," అన్నాడు. తర్వాత లడ్డూ అందుకుని, "అయితే మీ కొత్త రాష్ట్రంల నాకో జాగ ఇప్పియ్యి. హద్దులు నేనే కొలుసుకుంట," అని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మిషన్ చూడటం నాకు నేర్పింది ఆయనే. హెల్పరుకు నేర్పడమేంటని ఆఫీసులో కసిరినా వినలేదు. ఈ రోజు జగిత్యాల చుట్టుపక్కల నన్ను సర్వేకు పిలుస్తున్నారంటే అది ఆయన పెట్టిన అన్నం. కాదనను.

ఆయన్ని వణికించే మాట ఒకటుండేది. ఒకసారి ఆఫీసులో ఒక ఇంజనీరు, పాపం మంచిగానే, "ఇన్ని అరబ్బు దేశాలున్నాయి, మీవాళ్ళు ఎక్కడో ఒక చోట సర్దుకోవచ్చు కదా" అన్నాడు. ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "పక్కింట్ల మంచం ఖాళీగుంటే నా ఇల్లు నీదైతదా?" అని అరిచి బయటికొచ్చేశాడు.

తర్వాత నితాఖత్, అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండాల్సిందేనన్న చట్టం, మా మీద పడింది. సౌదీవాళ్ళు తక్కువున్నారని కంపెనీని ఎర్ర జాబితాలో వేశారు. దాని వెనకే ఫీజులు, కంపెనీకి మాలాంటి ఒక్కొక్కడి మీదా, అక్కడే కాపురముండే ఆయనలాంటివాళ్ళకు భార్యాపిల్లల మీదా. సర్వేలో మిగిలిన విదేశీయులం ఆయనా నేనూ. ఒకడు తగ్గాలి, ఎవడో నువ్వే రాసివ్వు అని మేనేజరు ఉస్తాద్‌కు చెప్పాడట. నా ఇద్దరు పిల్లల చదువూ అప్పుడు, సౌదీలో ఉండి పనిచేయనిచ్చే నా ఇఖామా కార్డు మీదే నడుస్తోంది. పెద్దదానికి నర్సింగులో ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున కలిసే టీ తాగాం. ఒక్క ముక్క చెప్పలేదు. పదింటికి ఆఫీసు గుమాస్తా నన్ను పిలిచి ఫైనల్ ఎగ్జిట్, ఇక దేశం వదిలి పోవడమే అన్నాడు. టేబుల్ మీద కాగితంలో నా పేరు ఉస్తాద్ చేతిరాతతో ఉంది.

పరుగెత్తుకుపోయాను. ఆయన మిషన్‌ను పెట్టెలో సర్దుతున్నాడు.

"నన్ను ఒక్క మాట అడగకపోతివి ఉస్తాద్!" ఎనిమిదేళ్ళలో అంత గొంతెత్తింది అప్పుడే.

తల ఎత్తలేదు. "నీకు పోనీకె దేశమున్నది బేటా. నాకు లేదు. నా బిడ్డలను ఏడికి తోలుకపోవాలె?"

"మీ నాయినతోని గూడ గిదే అన్నరు గద! మీకు చానా దేశాలున్నయి, పోండ్రి అన్నరు గద!"

ఆయన పెట్టెకు గొళ్ళెం పెట్టబోయాడు. పడలేదు. మళ్ళీ పెట్టబోయాడు.

ఇంటికొచ్చాక పెద్దదాని చదువు ఆపేశాను. ఇప్పుడు బట్టల షాపులో నిలబడుతుంది. అయినా నా కడుపుమంట అదొక్కటే కాదు. అడిగి ఉంటే నేనే పోతాననేవాణ్ణేమో. ఆయన ఆడపిల్లలను నేనూ ఎత్తుకున్నవాణ్ణే. అనలేకపోయేవాణ్ణేమో కూడా. ఏదో ఒకటి నా నోటితో నన్ను అననివ్వాల్సింది. నేను లేకుండా నా గీత గీసేశాడు. ఎవరు చేసినా మరిచిపోయేవాణ్ణి. చేసింది ఆయన.

వెళ్ళే రోజు నేను అడగకుండానే కారు తెచ్చాడు. కొండల ఘాట్ రోడ్డు దిగి జిద్దా ఎయిర్‌పోర్టు దాకా నడిపాడు. నా పెట్టె తనే దించాడు. ప్రయాణికులు తప్ప ఇంకెవరూ దాటకూడని చోట ఆగిపోయాడు. నేను లైన్లో నిలబడి, కౌంటర్ దగ్గరపడ్డాక వెనక్కి తిరిగాను. చెయ్యి ఊపుతాడేమో, మాఫ్ చెయ్యమన్నట్టు ఒక చూపైనా చూస్తాడేమో అని. ఉస్తాద్ నా మొహం చూడటం లేదు. ముద్ర కోసం నేను తెరిచి పట్టుకున్న పాస్‌పోర్టును చూస్తున్నాడు. నేను లోపలికి పోయేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.