కయీను పంట

ఊళ్లో గొర్రెలు మేపుకునే మా గొర్రెలన్న పోయాడని కబురు అందేసరికి నేను చేనులో వేరుశనక్కాయ పీకుతున్నాను. సమాధి దగ్గర మన్ను చేసేటప్పుడు ప్రతివాడూ "అన్నకు నేనంటే ప్రాణం" అంటుంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, కుళ్లు పుట్టింది. ఆయన నావాడు, మీకేం తెలుసు అని అరవాలనిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గోడ నీడలో కూర్చుని మేమిద్దరం బైబిల్లో మింగుడుపడని చోట్ల గురించి వాదించుకునేవాళ్లం. వాదన ముదిరితే ఆయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకునేవాడు. ఎటు తిరిగినా నేను కయీను దగ్గరికే వచ్చేవాణ్ణి. తమ్ముడు హేబెలు తెచ్చిన గొర్రెపిల్లను లక్ష్యపెట్టిన దేవుడు, అన్న కయీను తెచ్చిన పంటను ఎందుకు కాదన్నాడు? మా ఇద్దరిలోనూ ఆయనవి గొర్రెలు, నాది సేద్యం. నాకు మండదా మరి!

"హేబెలుకు విశ్వాసం ఉండె, అంతేనా అన్నా?" అని ఒకసారి పాస్టరుగారి మాటే అప్పజెప్పాను.

"అట్ల తేల్చేయొద్దప్పా. ఆదికాండంలో కారణం రాయలేదు. నాకూ తెలీదు. తెలీదని చెప్పేదానికి సిగ్గెందుకు?" అన్నాడు.

కోతపండుగకు ఎవరికి పండింది వాళ్లు తెచ్చి అర్పిస్తే, ఆరాధన అయ్యాక వేలం వేయడం మా ఆచారం. ఆయన పొట్టేలుకు పోటీపడి పాడేవాళ్లు. వానల్లేక తాలుపోయిన నా కాయలకు పాటే మొదలయ్యేది కాదు. "నీ పొట్టేలంటే దేవునికీ ఇష్టమే, జనానికీ ఇష్టమే" అని ఒక ఏడు దెప్పిపొడిచాను.

ఆయన తలగుడ్డ విప్పాడు. "మొగం ఎందుకు చిన్నబుచ్చుకున్యావని దేవుడు కయీను దగ్గరికొచ్చి అడిగినాడు. హేబెలుతో ఒక్క మాటన్నా మాట్లాడినట్టు రాసిండాదా? నువ్వు ఆ దేవునితో కొట్లాడతాండావు. నాకు చేతకాదు. నిన్ను సూస్తే నాకే కుళ్లప్పా" అన్నాడు.

నా మీద కుళ్లా! ఆ వారమంతా చేనులో ఈల వేసుకుంటూ తిరిగాను. ఇప్పుడు నా కుళ్లు మళ్లీ మొదటికొచ్చింది. కయీను సంగతి ఆయన అక్కడ దేవుణ్ణే సూటిగా అడిగి తెలుసుకునే ఉంటాడు. నేనింకా ఆ గోడ నీడలోనే ఉన్నాను, వాదించడానికి ఎవరూ లేకుండా.

మొన్నటి కోతపండుగకు వదిన ఆయన పొట్టేలును తోలుకొచ్చి చర్చి వరండాలో కట్టేసింది. నేను కాయలు కోయకుండా చెట్లతోనే కట్టగట్టి పక్కన పెట్టాను. ఆరాధన ముగించుకుని వచ్చేసరికి పొట్టేలు నా కట్టలో మూతి పెట్టి నములుతోంది. ఎవరో అదిలించబోయారు.

"ఉండనీప్పా, తిననీ" అన్నాను. వేలంపాట మొదలయ్యేదాకా అది తల ఎత్తలేదు.